నీ పేరేమి?

ధ్యాన భాగము: ఆదికాండము 27, 32 అధ్యాయములు



మూసీ యొడ్డుననున్న అత్తాపూరు ఒకప్పుడు పల్లె. నేడది పట్నములో కలిసిపోయినది. మెహదీపట్నము నుండి ఆరాంఘర్ వరకు 11.6 కిలోమీటర్ల పొడవున స్తంభములమీద కట్టి 2009లో తెరచిన వంతెన దారి దాని మీదుగా సాగిపోవుచున్నది. అక్కడివారు తమ యిండ్ల గుర్తు చెప్పుటకు ఆ స్తంభముల సంఖ్యనే చెప్పుకొందురు. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెరువబడినది మొదలుకొని, పై చదువులకు పరదేశము పోవు బిడ్డలలో అనేకులు ఈ దారినే పోవుచున్నారు. కారు వెనుక రెండు పెద్ద పెట్టెలు, లోపల మాటలాడని తండ్రి, కొంగుతో కన్నులు తుడుచుకొను తల్లి. ఇది మన పల్లె సంఘములకును క్రొత్త సంగతి కాదు. "మా అబ్బాయికి వీసా రావలెనని ప్రార్థన చేయండి, అయ్యగారూ" అని ఎవరును అడుగని ఆదివారము అరుదు.

మేము ప్రార్థించుచున్నాము. విద్య చెడ్డది కాదు, దూర దేశము పాపము కాదు. 2023–24 విద్యా సంవత్సరములో అమెరికాలో చదివిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. ఆ యేడు మరి ఏ దేశమునుండియు అంతమంది అచ్చట లేరు. వారిలో మన తెలుగు బిడ్డలు విస్తారముగా ఉన్నారు. కూలినాలి చేసికొను తలిదండ్రుల బిడ్డ పెద్ద చదువునకు పోవుట చూచి సంతోషింపని కాపరి యుండునా? అయితే ఈ ప్రార్థనల నడుమ మన సంఘములలో బహిరంగముగా మాటలాడని ప్రశ్న ఒకటి కలదు. ఈ నెల దానినే మీ యెదుట పెట్టుచున్నాము. నిజము కాని కాగితము చూపి పొందిన వీసాను దేవుని దీవెన యని మనము సాక్ష్యము చెప్పవచ్చునా?

సంగతి ఏమనగా, పరదేశ విశ్వవిద్యాలయము మన బిడ్డను చేర్చుకొనుటకు ముందు అతని ఖర్చునకు సొమ్ము ఉన్నదా యని అడుగును. అమెరికాకు పోవువానికి ఐ–20 అను పత్రము రావలెనన్న మొదటి యేటి ఖర్చునకు ఆధారము చూపవలెను. తరువాత వీసా దరఖాస్తు నింపి, చెప్పినదంతయు సత్యమని ఒప్పుకొని, అధికారి యెదుట నిలువవలెను. 2008కి ముందు మనవారు దీనికొరకు మద్రాసు వరకు పోవలసియుండెను. ఆ యేడు బేగంపేటలో తెరచిన అమెరికా కాన్సులేటు 2023లో నానక్‌రామ్‌గూడకు మారినది. సొమ్ము లేనివారిలో కొందరు ఏమి చేయుచున్నారు? కొన్ని దినములకు వడ్డీకి తెచ్చి బ్యాంకులో వేసి, నిలువ ఉన్నట్టు కాగితము తీసికొని, మరల ఆ సొమ్మును ఇచ్చినవానికే ఇచ్చివేయుచున్నారు. కొందరు చేయని ఉద్యోగమునకు అనుభవ పత్రము కొనుచున్నారు. కొందరు తప్పిన పరీక్షలను దాచుచున్నారు. దీనికి దారి చూపు మధ్యవర్తులు, "అందరును చేయునదే, మీకేల భయము?" అని ధైర్యము చెప్పుచున్నారు. ఆ మరుసటి ఆదివారమే అదే కుటుంబము కానుక పట్టుకొని ప్రార్థన కోరుచున్నది.

ప్రియులారా, ఇంటిని విడిచి పరదేశము పోయిన యువకుని కథ మన పరిశుద్ధ గ్రంథములో ముందే యున్నది. అతడు యాకోబు. కన్ను కనబడని తండ్రి యెదుట నిలిచినప్పుడు, నీవెవరవని ఇస్సాకు అడిగెను. తాను ఏశావునని యాకోబు చెప్పెను. చేతులకును మెడకును మేకపిల్లల చర్మము కప్పుకొని యుండెను. అది ఆనాటి దొంగ కాగితము. తడిమి చూచు అధికారికి తడియునట్లుగా సిద్ధపరచిన సాక్ష్యము. వేట ఇంత త్వరగా ఎట్లు దొరికెనని తండ్రి అడుగగా, యాకోబు చెప్పిన ఉత్తరమును గమనించుడి. తండ్రి దేవుడైన యెహోవాయే దానిని తన యెదుటికి రప్పించెనని అతడు చెప్పెను! మొదటి అబద్ధము తన పేరును గూర్చినది. రెండవది దేవుని పేరును పెట్టుకొని చెప్పినది. మొదటిదానికంటె రెండవదే మనలను భయపెట్టవలెను. చేతికి చర్మము కప్పుకొని వచ్చి, ఇది దేవుడు దొరకజేసెను అనుట. తప్పు కాగితముతో వీసా పొంది, ఆలయములో లేచి దేవుడే ద్వారము తెరచెనని చెప్పుట దీనికంటె వేరు కాదు.

ఇచ్చట తలిదండ్రులతో ఒక మాట చెప్పవలెను. ఆ చర్మములను యాకోబునకు కట్టినది ఎవరు? తల్లియైన రిబ్కా. యాకోబు మొదట జంకెను. తండ్రి తడిమి చూచినయెడల శాపము కలుగునని చెప్పెను. ఆ శాపము తనమీదికి రానిమ్మని తల్లి ధైర్యము చెప్పెను. అది ప్రేమయే. బిడ్డ బాగుపడవలెనన్న తపనయే. మన యిండ్లలోను జరుగునది ఇదే. పాతికేండ్లు నిండని కుర్రవాడు, "నాన్నా, ఈ సొమ్ము మనది కాదు గదా, అడిగితే ఏమని చెప్పను?" అని జంకుచుండగా, "నీవు ఊరకుండు, అడిగినది నేర్చుకొని చెప్పు, పాపమేదైన నాది" అని తండ్రియే నోటికి మాట అందించుచున్నాడు. అయ్యా, అమ్మా, ఒక్క క్షణము ఆలోచించుడి. రేపు మీ బిడ్డ మీ కన్ను చేరని చోట నుండబోవుచున్నాడు. అచ్చట అతనిని కాచునది మీ కట్టడి కాదు. అతని నోటనున్న సత్యము, అతని లోపలనున్న భయభక్తులు. మీరు అతనితో పంపగలిగిన ఆస్తి అది. ప్రయాణమునకు ముందే దానిని ఇంటిలో విరుగగొట్టి, తరువాత దూరమునుండి ఫోనులో "మంచిగా ఉండు నాయనా" అని చెప్పుటవలన ఏమి ప్రయోజనము?

దీనికి కొందరు చెప్పు ఆక్షేపణలను మేము వినియున్నాము. వాటిని తేలికగా త్రోసివేయుట లేదు.

మొదటిది: "ఈ నియమములు ధనవంతులకొరకు చేసినవి. బీదవాడు నిజము చెప్పిన ఎన్నడును పోలేడు." ఇందులో నొప్పి యున్నది, కొంత నిజమును ఉన్నది. తాతల నాటినుండి భూమి లేనివానికి బ్యాంకులో నిలువ ఎక్కడిది? 1860లో మద్రాసునుండి ట్రూరో అను ఓడలో మనవారు నేటాలు చెరకు తోటల కూలికి పోయిన కాలమందు, చదువురాని ఒప్పంద పత్రములు అనేకులను మోసగించెను. ఆనాడు కాగితము బీదవానిని మోసగించినది గనుక నేడు బీదవాడు కాగితముతో మోసగింపవచ్చునా? నియమము ఏల పుట్టినదో కూడ చూడవలెను. ఇంగ్లండు వీసాకు చూపు సొమ్ము వరుసగా 28 దినములు ఖాతాలో కదలక యుండవలెను. జర్మనీ దేశము ఒక యేటి ఖర్చును ముందుగా ఖాతాలో వేయించి, నెలకింత చొప్పున మాత్రమే విద్యార్థికి విడుదల చేయించును. ఏలయనగా సొమ్ము లేక దిగిన విద్యార్థి అద్దెకును అన్నమునకును ఎవరి చేతిలోనో చిక్కును. వడ్డీకి తెచ్చిన నిలువను చూపి మనము మోసగించునది ఆ అధికారిని మాత్రమే కాదు. ఆకలితో అక్కడ నిలువబోవు మన బిడ్డను కూడ. కాగితములో ఉన్న సొమ్ముతో అన్నము కొనలేము.

రెండవది: "అందరును చేయుచున్నారు, ఏమియు కాలేదు." ఏమియు కాలేదా? 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ప్లెజంటన్ పట్టణమందలి ట్రై–వ్యాలీ విశ్వవిద్యాలయమును అమెరికా అధికారులు మూయించిరి. అందు చేరినవారిలో మన తెలుగు విద్యార్థులు మిక్కిలి అనేకులు. కొందరి చీలమండలకు జాడ తెలుపు పట్టీలు తగిలించిరి. ఆ సంస్థను స్థాపించిన స్త్రీకి 2014లో 16 ఏండ్లకు పైగా చెరసాల శిక్ష పడినది. మరల 2019 జనవరిలో మిషిగన్ రాష్ట్రమందలి ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయము సంగతి బయటపడినది. దానిలో తరగతులు లేవు, ఉపాధ్యాయులు లేరు; ప్రభుత్వపువారే వలగా పన్నిన పేరది. మొదట పట్టుబడిన 130 మంది విద్యార్థులలో 129 మంది భారతీయులు, వారిలో తెలుగువారే ఎక్కువ. వారిని చేర్పించిన మధ్యవర్తులును మనవారే. అందరును తెలిసియే చేరిరని మేము అనము. కొందరు తాము మోసపోయితిమని చెప్పిరి. అట్టివారిలో ఒకరి వ్యాజ్యము సాగవచ్చునని 2024లో అక్కడి అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పినది. వల పన్నుట న్యాయమా యన్నది ఆ దేశమువారు దేవునికి లెక్క చెప్పుకొనవలసినది. మనము నేర్చుకొనవలసిన పాఠము వేరు. నిజము కాని దారిలో అడుగు పెట్టినవాడు, తనకంటె నేర్పరియైన మోసగానికి ఎక్కడనో ఎదురుపడును. చర్మము కప్పుకొని పోయిన యాకోబునకు లాబాను ఎదురుపడెను. ముసుగులో లేయా వచ్చెను. పదిమారులు జీతము మారినది. కొద్ది దినములు అని తల్లి చెప్పిన గడువు ఇరువది ఏండ్లాయెను. ఆ తల్లిని అతడు మరల చూచినట్టు లేఖనము చెప్పలేదు.

మూడవది: "అయ్యగారూ, అట్లయినను యాకోబు దీవింపబడెను గదా!" ఇది కఠినమైన మాట, దీనిని మేము దాటిపోము. నిజమే, దేవుడు యాకోబును విడువలేదు. బేతేలులో రాతిని తలగడగా పెట్టుకొని పండుకొనిన పారిపోవువానికి తోడుందునని వాగ్దానము చేసెను. తప్పు కాగితముతో పోయిన మన బిడ్డను కూడ దేవుడు అచ్చట విడిచిపెట్టడు. ఇట్టి బిడ్డల తలిదండ్రులు ఈ మాటను ఆదరణగా పట్టుకొనవలెను. అయితే దేవుడు యాకోబును కాపాడుట వేరు, అతని అబద్ధమును ఒప్పుకొనుట వేరు. యబ్బోకు రేవున ఏమి జరిగెనో చూడుడి. రాత్రియంతయు పెనుగులాడి, దీవించితేనే గాని పోనియ్యనని యాకోబు పట్టుపట్టెను. అప్పుడు ఆయన అడిగినది ఒక్కటే: అతని పేరేమి? దేవునికి అతని పేరు తెలియదా? ఇరువది ఏండ్ల క్రిందట దీవెన కొరకు నిలిచినప్పుడు అడుగబడిన ప్రశ్నయే ఇది. ఆనాడు ఏశావునని చెప్పెను. ఈ రాత్రి యాకోబునని చెప్పెను. తన పేరు తాను చెప్పిన తరువాతనే క్రొత్త పేరు ఇయ్యబడెను, అక్కడ దీవింపబడెను. కుంటుచు నడచెను గాని, ఇక ఎవరి చర్మమును కప్పుకొనవలసిన పని అతనికి లేకపోయెను.

కావున మేము చెప్పదలచినది ఇదియే. వేరొకరి పేరుతో పొందిన దీవెనలో మనము దాగియుండవలెను. సొంత పేరుతో పొందిన దీవెనలోనే నెమ్మదిగా నివసింపగలము. వీసా కిటికీ యెదుట మన బిడ్డను అడుగు ప్రశ్నలన్నియు, సొమ్ము ఎవరిది, చదువు ఏమి, ఎందుకు పోవుచున్నావు అనునవన్నియు, ఒక్క ప్రశ్నలో ఇమిడియున్నవి: నీవెవరవు?

సత్యము చెప్పుటవలన మేలు కలుగునని లోకరీతిగా కూడ చెప్పవచ్చును. నిజము చెప్పి నిరాకరింపబడినవాడు మరల దరఖాస్తు పెట్టుకొనవచ్చును. మోసము బయటపడినవానికి అమెరికా ద్వారము జీవితాంతము మూయబడవచ్చును, ఇంగ్లండు ద్వారము పదేండ్లు మూయబడవచ్చును. అయితే శిక్షకు జడిసి మాత్రమే నిజము చెప్పువాడు, శిక్ష లేనిచోట అబద్ధము చెప్పును. క్రైస్తవుడు నిజము చెప్పుట దేవుని యెదుట తన పేరు తనకు తెలిసినందున.

ఇక సంఘమునకు ఒక మాట. మన కూటములలో వీసా వచ్చినవాడు లేచి సాక్ష్యము చెప్పును. మనము స్తోత్రము చెప్పుదుము. ఉన్నదున్నట్టు చెప్పి నిరాకరింపబడినవాడు వెనుక చాపమీద తల వంచుకొని కూర్చుండును. అతనికి ఆనాడు సాక్ష్యము లేదు. "విశ్వాసము చాలలేదు కాబోలు" అని ప్రక్కవారు గుసగుసలాడుదురు. ప్రియులారా, మన బిడ్డలకు అబద్ధము నేర్పునది మధ్యవర్తులు మాత్రమే కాదు. మన ఈ గుసగుస కూడ నేర్పుచున్నది. వచ్చినదానినే దేవుని కార్యమని ఎంచు సంఘములో ఎట్లయినను తెచ్చుకొనవలెనన్న ఆశ పుట్టక మానునా? ఇకమీదట ఆ వెనుకనున్న కుర్రవానిని ముందునకు పిలిచి, "నీవు సత్యము పలికితివి, మేము నీ నిమిత్తము దేవుని స్తుతించుచున్నాము" అని చెప్పుదుము గాక. ఆ దినమున మన ఆలయములో చాలమంది తండ్రుల భారము తేలికపడును.

తక్కువ కాగితముతో పోయినవారు ఎదుగలేరని యెంచకుడి. భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మన మతస్థుడు కాడు గాని మన భాషవాడు. మద్రాసు వైద్య కళాశాలలో ఆయనకు పెద్ద పట్టా దొరకలేదు. దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే ఇచ్చిరి. 1923లో మామగారి సొమ్ముతోను ధర్మ సంస్థ సహాయముతోను అమెరికాలోని బోస్టను చేరి హార్వర్డులో చదివెను. పొట్టకొరకు రాత్రివేళ ఆసుపత్రిలో రోగుల మలమూత్రపు పాత్రలు కడిగెను. 1930లో డాక్టరేటు పొందెను. ఆయన కృషివలన వచ్చిన మందులు లోకమందు అనేకుల ప్రాణము నిలిపినవి. ఆ జీవితములో దుఃఖమును కలదు. ఇంటనున్న భార్యయొద్దకు ఆయన తిరిగి రాకయే 1948లో కన్నుమూసెను. పరదేశ ప్రయాణమునకు చెల్లింపవలసిన వెల అట్టిది. దానిని కూడ ముందుగా లెక్కింపవలెను.

గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ప్రభువు సెలవిచ్చెను. పయనము కట్టు కుటుంబములకు ఆ లెక్కనుగూర్చి కొన్ని సంగతులు వ్రాయుచున్నాము.

తండ్రి అప్పెంత, వడ్డీ యెంత, తాకట్టు పెట్టినదేది అన్నది బిడ్డకు దాచక చెప్పవలెను. బిడ్డయును తన మార్కులను, తప్పిన పరీక్షలను తండ్రికి దాచక చెప్పవలెను. ఇంటిలో సత్యము మొదలైనప్పుడే కిటికీ యెదుట సత్యము వచ్చును. సొమ్ము చాలనియెడల న్యాయమైన దారులు వెదకవలెను. మైనారిటీ విద్యార్థుల పరదేశ చదువునకు తెలంగాణ ప్రభుత్వము 2015లో ఆరంభించిన పథకమున 20 లక్షల రూపాయల వరకు సహాయము కలదు. క్రైస్తవులును దానికి అర్హులే. నియమములు మారుచుండును గనుక జిల్లా మైనారిటీ సంక్షేమ కార్యాలయములో స్వయముగా విచారింపవలెను. అప్పటికిని చాలనిచో, ఒక యేడు ఆగుట అవమానము కాదు. ఇచ్చటనే పని చేసి, కూడబెట్టి, మరుసటి యేడు పోవచ్చును. యాకోబునకు దేవుడు తన సమయమందు ఇచ్చెడివాడే. తొందరయే అతనిని చర్మములోనికి నడిపించెను.

అక్కడ చేరిన తరువాతను ఇదే ధర్మము. అమెరికాలో విద్యార్థి తరగతులు జరుగు కాలములో విశ్వవిద్యాలయపు ఆవరణలోనే, వారమునకు 20 గంటలు మాత్రమే పని చేయవచ్చును. చాటున దొరకు కూలికి ఆశపడి ఆ హద్దు దాటినవాడు, తలుపు చప్పుడైనప్పుడెల్ల ఉలికిపడును. కావున ఆ సంపాదనను నమ్ముకొని ఇచ్చట అప్పు లెక్క కట్టకుడి. ఫోనులో "ఎంత పంపెదవు?" అని మొదట అడుగకుడి; "తింటివా, ఆలయమునకు పోయితివా, ఏమి కష్టము?" అని అడుగుడి. బాగుగా లేనప్పుడు బాగుగా లేదని చెప్పగల ఇల్లు బిడ్డకు ఉండవలెను. దానియేలు పరదేశములో రాజు పోషణలో మూడేండ్లు కల్దీయుల విద్యను నేర్చెను. వారు అతని పేరు మార్చి బెల్తెషాజరు అనిరి. అయినను తానెవరో అతడు మరువలేదు. భోజనపు సంగతిలో దొంగచాటుగా నడువక, అధికారిని అడిగి, పది దినముల పరీక్ష కోరెను. చదువును విడువలేదు, సత్యమును విడువలేదు.

కడపటిగా, ప్రతి సంఘమును పోవు బిడ్డకు ఒక పత్రము ఇయ్యవలెను. 1903లో మన తెలుగు బాప్తిస్టు సంఘములవారు నేటాలులోని తెలుగు కూలీలయొద్దకు జాన్ రంగయ్యగారిని పంపిరి; ఆయన సంఘము పంపగా పోయినవాడు. ఫీబేనుగూర్చి పౌలు రోమా సంఘమునకు వ్రాసెను. అట్లే మన బిడ్డ ఏ సంఘమువాడో, ఎప్పుడు బాప్తిస్మము పొందెనో కాపరియు పెద్దలును వ్రాసి చేవ్రాలు చేసి పెట్టెలో పెట్టుదురు గాక. ఆ పెట్టెలోని కాగితములన్నిటితో కలిసి అదియు సిగ్గుపడక యుండునట్లు మిగిలినవియు సత్యమై యుండవలెను.

విమానాశ్రయములో పెట్టెలను తూకము వేయుదురు. పచ్చళ్ల సీసా బరువైనచో తీసి పక్కన పెట్టుదుము. అబద్ధమును తూచు త్రాసు అక్కడ లేదు. దానిని మనము ఇంటనే తీసివేయవలెను. ఎవరైనను ఇప్పటికే దానిని మోసికొని పోయియుంటే, యబ్బోకు రేవు వారికిని తెరచియున్నది. ఏ రాత్రియైనను, ఏ దేశములోనైనను, ఆయన అడుగు ప్రశ్నకు ఉన్నదున్నట్టు ఉత్తరమియ్యవచ్చును.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మా బిడ్డలను ఎరిగిన దేవా, వారి కొరకు మేము తొందరపడి సత్యమును విడువకుండ మమ్మును కాపాడుము. పోవువారికి తోడుగా నుండుము. ఆగిపోయినవారిని సిగ్గునుండి లేవనెత్తుము. మా సొంత పేరుతో నీ యెదుట నిలుచు ధైర్యమును మాకు అనుగ్రహించుము. యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.